ఓమ్ పంతులుగారి పునర్విద్యాభ్యాసం

ఉన్నత పాఠశాలలో చదివిన వారెవరికైనా తెలిసిన పేరు ఓమ్. విద్యుత్తును గురించిన పాఠంలో ముందుగా ఎదురయ్యే నియమం ఆయనదే. ఉష్ణోగ్రత మారకుండా వున్నంత వరకు తీగలో ప్రవహించే విద్యుత్తు ఆ తీగ రెండు కొనల నడుమనున్న పొటెన్షియల్ భేదానికి అనులోమానుపాతంలో వుంటుందని బాలబాలికలు వల్లె వేస్తారు. మన ఇంటి రేడియోలో సైతం ఆ పేరు దాగి వున్నది. మరమ్మతుకు పెట్టె విప్పినప్పుడు లోపల రంగురంగుల పట్టీలు గల చిన్న గొట్టాల వంటివి కనిపిస్తాయి. అవి నిరోధకాలు. ఆ రంగులు ఒక్కొక్క నిరోధకం విలువ ఎన్ని ఓములో తెలిపే సంకేతాలు. పాత సెట్లలో ధ్వనిని హెచ్చించటానికి త్రిప్పే మీట కూడ, విలువ మార్చుకొనే నిరోధకమే.

ఇంత ప్రసిద్ధమైన పేరు గల వ్యక్తి గొప్ప విశ్వవిద్యాలయంలో ఆచార్య పీఠం మీద కూర్చొని ఈ నియమాన్ని కనుగొన్నాడని చాలమంది అనుకొంటారు. అది వాస్తవం కాదు. ఆ పని చేసేనాటికి ఆయన ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. అంతవరకు ఆయన ప్రధానంగా చెప్పినది గణితం. భౌతికశాస్త్రం కూడ చెప్పవలసిన ఉద్యోగం చేతికి వచ్చిన తరువాత ఆ శాస్త్రాన్ని తనకు తానే మళ్ళీ నేర్చుకొన్నాడు. పాఠం చెప్పటానికి ముందు పాఠం చదువుకొన్న ఆ ఉపాధ్యాయుని చరిత్ర, శాస్త్ర చరిత్రలోనే కాక విద్యా చరిత్రలో కూడ చెప్పుకోదగినది.

జార్జి సైమన్ ఓమ్ 1789వ సంవత్సరం మార్చి 16వ తేదీన జర్మను దేశంలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తాళాలు చేసే కమ్మరి. ఆయన బడిలో చదువుకొన్నది తక్కువ. స్వయంకృషితో సంపాదించినది ఎక్కువ. తాను కష్టపడి నేర్చిన గణితాన్ని, శాస్త్రాలను ఇద్దరు కొడుకులకూ ఇంటివద్దనే నేర్పాడు. చిన్నవాడైన మార్టిన్ తరువాతి కాలంలో గణిత శాస్త్రజ్ఞుడుగా పేరు పొందాడు. పెద్దవాడికి గణితంతోపాటు లోహపు పని మీద చేతివాటం కూడ తండ్రి నుండి సంక్రమించింది. ఈ రెండవ వారసత్వం మొదటి దానికంటె తక్కువ విలువైనది కాదని ముందు చూడబోతాము.

ఓమ్ 1805లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అయితే నృత్యాలు, బిలియర్డ్సు, మంచుమీద జారుడు ఆటలు చదువుకంటె ఎక్కువ కాలాన్ని మింగివేశాయి. తండ్రికి కోపం వచ్చింది. మూడు అర్ధ సంవత్సరాలు గడిచేసరికి కుర్రవాడు చదువు మాని, స్విట్జర్లాండులో ఒక పాఠశాలలో గణితం చెప్పటానికి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ జీతం తెచ్చుకొంటూ, తీరిక వేళల్లో ఆయిలర్, లాప్లాస్ వంటి గణిత మహామహుల గ్రంథాలను ఒంటరిగా చదివాడు. 1811లో తిరిగి వచ్చి ఎర్లాంగెన్‌లోనే డాక్టరు పట్టం పొందాడు. పట్టం వచ్చినా పదవి రాలేదు. విశ్వవిద్యాలయంలో కొంతకాలం స్వల్ప ప్రతిఫలంతో బోధించి, 1813లో బామ్‌బెర్గ్ పట్టణంలో చిన్న పాఠశాలకు పోవలసి వచ్చింది. మూడేండ్లకు ఆ పాఠశాల మూతపడింది.

ఈలోగా ఆయన జ్యామితిని గురించి ఒక గ్రంథం వ్రాసి, దాని ప్రతిని ప్రష్యా రాజుకు పంపాడు. దాని ఫలితంగా 1817 సెప్టెంబరులో కొలోన్ నగరంలోని జెసూట్ ఉన్నత పాఠశాలలో గణితమూ భౌతికశాస్త్రమూ బోధించే ఉద్యోగం లభించింది. అప్పటికి ఓమ్ వయస్సు 28 ఏండ్లు. విశ్వవిద్యాలయాన్ని మొదటిసారి విడిచి పదకొండేండ్లయింది. గణితం ఆయనకు నిత్యం వాడుకలో వున్న విద్య. భౌతికశాస్త్రం సంగతి అట్లా కాదు. అది ఎప్పుడో విన్న ఉపన్యాసాలలోనూ, తండ్రి చెప్పిన మాటలలోనూ మిగిలిన విద్య. పైగా ఆ పదకొండేండ్లలో ఆ శాస్త్రం ఒకచోట నిలిచిపోలేదు. ఫ్రాన్సులో కాంతిని గురించి, ఉష్ణాన్ని గురించి, విద్యుత్తును గురించి క్రొత్త గణితం పుట్టి పెరుగుతున్నది.

ఇటువంటి స్థితిలో ఉపాధ్యాయుని ముందు రెండు మార్గాలుంటాయి. పాఠ్యపుస్తకాన్ని పిల్లలకంటె ఒక అధ్యాయం ముందుగా చదువుకొంటూ సంవత్సరం గడపటం ఒకటి. శాస్త్రాన్ని మొదలంటా త్రవ్వి తనకు తాను తెలుసుకొనటం రెండవది. ఓమ్ రెండవ మార్గం త్రొక్కాడు. లాగ్రాంజ్, లెజాండ్ర్, లాప్లాస్, బయో, పాయ్‌సాన్ అనే ఫ్రెంచి పండితుల గ్రంథాలను ఒకదాని వెంట ఒకటి చదివాడు. అటుపిమ్మట ఫూరియే, ఫ్రెనెల్ వ్రాతలను అభ్యసించాడు. పగలు తరగతులు, మిగిలిన వేళల్లో చదువు. ఈ కాలంలో ఆయన వద్ద చదివిన విద్యార్థులలో డిరిక్లె అనే బాలుడు ఒకడు. అతడు తరువాత ఐరోపాలోని అగ్రశ్రేణి గణితవేత్తలలో ఒకడయ్యాడు. తాను చదువుకొంటూ వున్న ఉపాధ్యాయుని వద్ద చదువుకొనటంలో ఎంత లాభం వున్నదో ఈ ఒక్క ఉదాహరణ తెలుపుతుంది.

గ్రంథపఠనంతో ఓమ్ ఆగలేదు. కొలోన్ పాఠశాలలో ఆ రోజులకు మంచిదనదగిన భౌతికశాస్త్ర ప్రయోగశాల వుండేది. 1820లో డెన్మార్కు దేశస్థుడైన ఎర్‌స్టెడ్ ఒక వింతను ప్రకటించాడు. విద్యుత్తు ప్రవహిస్తున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుతుందన్నది ఆ వింత. ఈ వార్తతో ఐరోపాలో ప్రయోగశాలలన్నీ మేల్కొన్నాయి. విద్యుత్ ప్రవాహాన్ని కొలవటానికి ఒక సాధనం దొరికినట్లయింది. ముల్లు ఎంత తిరిగితే ప్రవాహం అంత. ఓమ్ కూడ బడి ప్రయోగశాలలో ఈ ప్రయోగాలు మొదలుపెట్టాడు. మొదట అవి తన జ్ఞానాన్ని పదును పెట్టుకొనటానికి చేసినవే. క్రమంగా ఆయనకు ఒక ప్రశ్న పట్టుకొన్నది: తీగ పొడవు పెరిగినకొద్దీ ప్రవాహం ఎట్లా తగ్గుతుంది?

ప్రశ్న పిల్లలు అడగదగినంత తేలిక. సమాధానం అంత తేలికగా దొరకలేదు. ఆనాడు వున్న విద్యుద్ఘటాలలో రెండు లోహపు పలకలు ఆమ్ల ద్రవంలో మునిగి వుండేవి. ప్రవాహం మొదలుకాగానే పలకమీద వాయువు బుడగలు పట్టి దాని బలం సన్నగిల్లేది. కొలుస్తూ వుండగానే కొలవవలసిన వస్తువు మారిపోయేది. ఈ తిప్పలతోనే కొన్ని కొలతలు తీసి, 1825లో ఓమ్ ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో ఇచ్చిన సూత్రం సరియైనది కాదు. అచ్చయిన తరువాత మరల కొలిచి చూస్తే సంఖ్యలు దానికి లొంగలేదు.

ఇక్కడ ఒక సంపాదకుడు ఆయనకు దారి చూపాడు. శాస్త్ర పత్రిక నడుపుతున్న పోగెన్‌డార్ఫ్, ఘటాన్ని వదలి ఉష్ణయుగ్మాన్ని వాడమని సలహా ఇచ్చాడు. రెండు వేర్వేరు లోహాలను రెండుచోట్ల అతికి, ఒక అతుకును వేడిగానూ రెండవదాన్ని చల్లగానూ వుంచితే వాటిలో విద్యుత్తు పుడుతుందని సీబెక్ 1821లో కనుగొని వున్నాడు. ఓమ్ బిస్మతు కడ్డీని రాగితో కలిపి ఒక అతుకును మరిగే నీటిలోనూ, రెండవ అతుకును మంచులోనూ వుంచాడు. నీరు మరిగే వేడి మారదు. మంచు కరిగే చలువ మారదు. కనుక విద్యుత్తును పుట్టించే బలం కూడ మారదు. ప్రవాహాన్ని కొలవటానికి ఒక అయస్కాంతపు ముల్లును సన్నని లోహపు పట్టీకి వ్రేలాడదీశాడు. ప్రవాహం ముల్లును ప్రక్కకు నెట్టినప్పుడు, పైన వున్న బిరడాను త్రిప్పి ముల్లును మరల మొదటి స్థానానికి తెచ్చేవాడు. ఎంత త్రిప్పవలసి వచ్చిందో అదే ప్రవాహానికి కొలత. ఇంత సున్నితమైన యంత్రాన్ని కూర్చటంలో తాళాల కమ్మరి కొడుకు చేతివాటం అక్కరకు వచ్చింది.

ఒకే మందం గల రాగితీగలను ఎనిమిదింటిని ఆయన తీసుకొన్నాడు. వాటి పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. ఒక్కొక్కదాన్ని వలయంలో చేర్చి కొలతలు తీశాడు. 1826 జనవరి నాటి ఒక వరుసలో, 2 అంగుళాల తీగకు 326¾ భాగాలు, 34 అంగుళాల తీగకు 134½, 130 అంగుళాల తీగకు 48½ వచ్చాయి. తీగ పొడవు 2 నుండి 130కి, అనగా 65 రెట్లు పెరిగితే ప్రవాహం 65వ వంతు కావలెనని తొందరపాటు బుద్ధికి తోస్తుంది. కాని ఏడవ వంతుకు కొంచెం హెచ్చుగానే వున్నది. దీనిలోని మర్మమేమిటి?

ఓమ్ చెప్పిన సమాధానం ఇది. విద్యుత్తు మనం చేర్చిన తీగలో మాత్రమే ప్రవహించటం లేదు. ఉష్ణయుగ్మంలోనూ, కలిపే కడ్డీలలోనూ కూడ ప్రవహిస్తున్నది. అవి కూడ దానికి అడ్డు తగులుతున్నవి. ఆ అడ్డంకి సుమారు 20¼ అంగుళాల తీగతో సమానమని ఆయన లెక్క కట్టాడు. ప్రతి తీగ పొడవుకూ 20¼ కలిపి, 7285 అనే సంఖ్యను ఆ మొత్తంతో భాగిస్తే ప్రవాహం వస్తుందన్నాడు. ఇంట్లో కాగితమూ కలమూ తీసుకొని ఎవరైనా పరీక్షించవచ్చును. 34కు 20¼ కలిపితే 54¼. దానితో 7285ను భాగిస్తే 134కు పైన వస్తుంది. 130కి కలిపితే 150¼. భాగిస్తే దాదాపు 48½ వస్తుంది. మరిగే నీరు, మంచు, ఎనిమిది రాగితీగలు—వీటినుండి ఒక బడిపంతులు రాబట్టిన లెక్క రెండు వందల ఏండ్లకు కూడ సరిపోతున్నది.

ఆ మరుసటి ఏడు, 1827లో, బెర్లినులో ఆయన గ్రంథం వెలువడింది. గాల్వనీ వలయాన్ని గణితరీత్యా వివరించిన గ్రంథమది. లోహపు కడ్డీలో వేడి ఎట్లా ప్రాకుతుందో ఫూరియే 1822లో చూపిన పద్ధతిని ఆదర్శంగా తీసుకొని, తీగలో విద్యుత్తు ఎట్లా ప్రవహిస్తుందో ఓమ్ వివరించాడు. కొలోన్‌లో ఆయన కష్టపడి చదివిన ఫ్రెంచి గ్రంథాలు ఈ విధంగా ఫలించాయి. ఈ రచన కోసం బడి నుండి సగం జీతం మీద ఒక సంవత్సరం సెలవు పుచ్చుకొన్నాడు. దాని బలంతో విశ్వవిద్యాలయంలో పదవి వస్తుందని ఆశించాడు.

ఆశ నెరవేరలేదు. జర్మను దేశంలో చాలమంది భౌతికశాస్త్రజ్ఞులకు అంత గణితం కొరుకుడు పడలేదు. ప్రకృతిని గణిత సూత్రాలలో బిగించటం తగదనుకొన్నవారూ వున్నారు. బెర్లినులో ఒక విమర్శకుడు గ్రంథాన్ని కఠినంగా ఖండించాడు. ఓమ్ మనస్తాపంతో 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. బెర్లినులో ఒక సైనిక పాఠశాలలో వారానికి కొద్ది గంటలు గణితం చెబుతూ అయిదేండ్లు గడిపాడు. 1833లో న్యూరెంబర్గు సాంకేతిక పాఠశాలలో ఉద్యోగం దొరికింది. ఇంతలో జర్మనీలో ఫెక్నర్, రష్యాలో లెంజ్ ప్రయోగాలు చేసి ఓమ్ చెప్పినది నిజమని తేల్చారు. 1841లో లండను రాయల్ సొసైటీ తన అత్యున్నత పురస్కారమైన కోప్లీ పతకాన్ని ఆయనకు ఇచ్చింది. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్య పీఠం 1852లో గాని దక్కలేదు. రెండేండ్లకే, 1854 జూలైలో, ఆయన మరణించాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు ప్రమాణానికి ఆయన పేరు పెట్టింది.

ఈ కథకు ఒక ఉపకథ కలదు. ఓమ్ పుట్టకమునుపే, 1781లో, ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ అనే ధనవంతుడు ఇటువంటి నియమాన్నే పసికట్టాడు. కొలిచే యంత్రాలు లేవు గనుక తన శరీరాన్నే యంత్రంగా వాడాడు. గాజు గొట్టాలలో ఉప్పునీరు నింపి, వాటిగుండా వచ్చే విద్యుత్తు తనకు కొట్టిన దెబ్బల తీవ్రతను పోల్చి చూచుకొన్నాడు. కాని ఆయన మితభాషి, ఏకాంతప్రియుడు. తెలుసుకొన్నది కాగితాల మీదనే వుండిపోయింది. 1879లో మాక్స్‌వెల్ ఆ కాగితాలను అచ్చువేయించే వరకు దాని సంగతి లోకానికి తెలియలేదు. ఒకరు తెలుసుకొని తమలోనే దాచుకొన్నారు. మరొకరు నలుగురికీ చెప్పటం కోసం తెలుసుకొన్నారు. నియమానికి రెండవవాని పేరు నిలవటంలో ఔచిత్యం వున్నది.

ఓమ్ ఒంటరిగా చేసిన పునర్విద్యాభ్యాసాన్ని తరువాతి తరాలలో సంస్థలు చేపట్టాయి. 1870 ప్రాంతాలలో లండనులోని సౌత్ కెన్సింగ్‌టన్‌లో ఉపాధ్యాయుల కోసం భౌతికశాస్త్ర తరగతులు నడిపిన ఫ్రెడరిక్ గత్రీ, పరికరాలను ఉపాధ్యాయుల చేతనే చేయించేవాడు. అమెరికాలో 1956లో జకరయాస్ నాయకత్వాన శాస్త్రజ్ఞులు ఒక సంఘంగా ఏర్పడి ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రాన్ని మొదలంటా తిరిగి వ్రాశారు. ఆ పుస్తకం 1960లో వెలువడింది. దానిని చెప్పటానికి ఉపాధ్యాయులు వేసవిలో మరల విద్యార్థులయ్యారు. 1960 దశకంలో మన దేశంలో కూడ ఉపాధ్యాయులకు ఇటువంటి వేసవి శిక్షణలు జరిగాయి. వీటన్నిటి సారాంశం ఒక్కటే: పుస్తకం మార్చినంత మాత్రాన చాలదు, చెప్పేవారు తామే మరల చదివి, తమ చేతులతో చేసి చూడవలెను.

ఈనాడు కూడ ఎప్పుడో పట్టం పుచ్చుకొని, వేరొక వృత్తిలో కొన్నేండ్లు గడిపి, తరువాత ఉపాధ్యాయ వృత్తిలోకి రాదలచేవారు వున్నారు. వారికి భయం సహజం. సూత్రాలు జ్ఞాపకం వుంటాయి. వాటి వెనుకనున్న కారణాలు మసకబారి వుంటాయి. అటువంటివారికి ఓమ్ నియమమే మంచి గీటురాయి. విద్యుద్దీపం గుండా పోయేటప్పుడు ప్రవాహం కొంత ఖర్చయిపోతుందా అని ఒక పిల్లవాడు అడుగుతాడు. ప్రవాహం ఖర్చుకాదని, దీపానికి ముందూ వెనుకా ఒకే ప్రవాహం వుంటుందని, అక్కడ మార్పు చెందేది శక్తి మాత్రమేనని కొలిచి చూపగలగాలి. కొత్తగా వేయించిన దీపం సంగతి మరొక పిల్ల అడుగుతుంది. 230 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల పాతకాలపు తంతుదీపానికి వెలుగుతుండగా నిరోధం 880 ఓముల పైన వుంటుంది. ఆర్పి, చల్లారిన తరువాత కొలిస్తే దానిలో పదవ వంతు ప్రాంతానికి పడిపోతుంది. మరి నియమం తప్పిందా? తప్పలేదు. ఉష్ణోగ్రత మారకుండా వుంటే అన్న షరతు అందుకే వున్నది. పిల్లలు గబగబ చదివి దాటివేసే ఆ నాలుగు మాటలలోనే సగం శాస్త్రం వున్నది. మరిగే నీటినీ, మంచునూ ఓమ్ ఎందుకు ఎంచుకొన్నాడో తెలిసిన ఉపాధ్యాయుడు ఆ మాటలను దాటివేయడు.

ఓమ్‌కు తెలియని విషయాలు కూడ నేటి ఉపాధ్యాయుడు తెలుసుకొనవలసి వున్నది. తీగలో కదిలేది ఎలెక్ట్రానులని ఆయనకు తెలియదు. ఎలెక్ట్రానును థామ్సన్ కనుగొన్నది 1897లో. మిక్కిలి చల్లబరచిన పాదరసంలో నిరోధం పూర్తిగా మాయమవుతుందని 1911లో హాలెండులో కామర్లింగ్ ఓన్నెస్ కనుగొన్నాడు. 1980లో ఫ్రాన్సులో ఫాన్ క్లిట్‌జింగ్, బలమైన అయస్కాంత క్షేత్రంలో నిరోధం మెట్లు మెట్లుగా మారుతుందని చూపాడు. అందులో మొదటి మెట్టు దాదాపు 25,813 ఓములు. ప్రకృతిలో మార్పులేని స్థిరాంకాల మీద అది ఆధారపడి వున్నది. 2019 నుండి ఓమ్ అనే ప్రమాణానికి ఆ స్థిరాంకాలే ఆధారం. పట్టం మీది సంవత్సరం ఎంత పాతదైతే ఈ జాబితా అంత పొడుగవుతుంది. కాని ఇది భయపడవలసిన జాబితా కాదు. మూలసూత్రం చేతికి చిక్కినవానికి మిగిలినవి కొమ్మలు, రెమ్మలు.

ఓమ్ జీవితంలో పదవులు ఆలస్యంగా వచ్చాయి. గౌరవం ఇంకా ఆలస్యంగా వచ్చింది. అయినా కొలోన్‌లోని ఆ పదేండ్ల కాలం వ్యర్థం కాలేదు. పిల్లలకు చెప్పవలసిన పాఠాన్ని తాను సరిగా తెలుసుకొనవలెనన్న పట్టుదలతో మొదలైన చదువు, ఇంతవరకు ఎవరూ పిల్లలకు చెప్పని పాఠాన్ని లోకానికి ఇచ్చింది. అందరు ఉపాధ్యాయులూ క్రొత్త నియమాలు కనుగొనలేరు. కనుగొనవలసిన అవసరమూ లేదు. ఎనిమిది తీగముక్కలు తీసుకొని, పుస్తకంలో వున్నది నిజమో కాదో తమ చేతులతో ఒకసారి చూచుకొంటే చాలును. తరగతిలో పిల్లవాడు ఎందుకని అడిగినప్పుడు, పుస్తకంలో అట్లా వున్నదని చెప్పవలసిన దుస్థితి వారికి పట్టదు.